ఎవరి తూటాలు వాళ్ళవే

మోంటానాలో ఒక కొండ ఊరు, మధ్యాహ్నం. గరాజ్‌లో మావిస్, ఆవిడ అల్లుడు బ్రెంట్.

“ఇంటి చూరు గటర్లు బాగు చెయ్యడానికి వచ్చానంటావు.”

“అవునత్తయ్యా. ఆకులు పేరుకుపోయుంటాయని కార్లీ అంది.”

“నిచ్చెన ఏది?”

“నిచ్చెన... మీ దగ్గర ఉంటుంది కదా అనుకున్నా.”

“నిచ్చెన తేలేదు. దుప్పట్లు తెచ్చావు, తాడు తెచ్చావు, ట్రక్కు వెనక్కి తిప్పి సరిగ్గా నా బల్లకెదురుగా ఆపి తలుపు దించావు. గటర్లకి చలేస్తోందా అల్లుడూ?”

“ఆ దుప్పట్లు ఎప్పుడూ ట్రక్కులోనే ఉంటాయి.”

“ఒకదానికి ఇంకా షాపు వాడి చీటీ వేలాడుతోంది. సరేలే. కాఫీ తాగుతావా?”

“వద్దత్తయ్యా, మీరేదో పనిలో ఉన్నారు. ఏంటవి తూస్తున్నారు? తూటాలా?”

“ఏం లేదు. ఊరికే.”

“నింపేసిన తూటాల్ని కూడా తూస్తారా?”

“ఊరికే అన్నాగా. ఆ ఎర్ర పెట్టె ముట్టుకోకు. ఇదిగో, మూత పెట్టి అవతల పెట్టేస్తున్నా. ఇంతకీ నా కూతురు ఏం చెప్పి పంపింది?”

“ఏం లేదు. గటర్లు...”

“బ్రెంట్.”

“అంటే... వీలైతే ఒకసారి మాట్లాడి చూడమంది. తూటాలు షాపులో పెట్టెలకి పెట్టెలు దొరుకుతున్నాయి కదా, కొనుక్కుంటే పోతుంది, ఈ వయసులో గరాజ్‌లో కూర్చుని తుపాకిమందు కలుపుకోడం ఎందుకూ అని.”

“కలపరు. పోస్తారు. కలిపేది పాన్‌కేకు పిండి.”

“సరే, పొయ్యడం.”

“నా రివాల్వర్ ఏంటో తెలుసా నీకు?”

“మాగ్నమ్. పెద్దది.”

“పెద్దదిట! మా అల్లుడు కంప్యూటర్లు చదివాడని ఊరంతా చెప్పుకుంటున్నాను నేను. ఒరేయ్ బాబూ, షాపు వాడు ఎద్దులాంటి మగాళ్ళని తల్చుకుని నింపుతాడు. అవి రెండు కాలిస్తే సాయంత్రం దాకా నా మణికట్టు నా మాట వినదు. నా చేతికి ఎంత తగుతుందో అంతే నేను పోసుకుంటాను. కళ్ళజోడు పక్కింటాయన కొలతకి కొనుక్కుంటారా ఎవరైనా?”

“కార్లీ భయం కూడా అదే అత్తయ్యా. మీ కళ్ళజోడు గురించే. మొన్న ఫ్రిజ్‌లో దొరికిందట కదా.”

“కళ్ళజోడు కాదు, బండి తాళాలు. కావాలనే పెట్టాను, హకల్‌బెర్రీ పళ్ళతో చేసిన ‘పై’ వంటకం మీద. తాళాల కోసం ఫ్రిజ్ తీస్తే ఆ వంటకం కనపడుతుంది. చర్చికి పట్టుకెళ్ళడం మర్చిపోను. తెలివి.”

“తెలివే. మరి పట్టుకెళ్ళారా?”

“పట్టుకెళ్ళాను. వెళ్ళాక తెలిసింది ఆ రోజు ఆదివారం కాదని.”

“...”

“నవ్వుతావేంటి?”

“లేదత్తయ్యా, దగ్గు.”

“శనివారం పొద్దున నేను కొండ మీదకి వెళ్తున్నాను. వేటగాళ్ళ శిబిరంలో వంట, ప్రతి ఏడూ వెళ్తున్నట్టే. ఇటు బేకన్ వేగుతుంటే అటు గ్రిజ్లీ ఎలుగులు ముక్కు ఎగబీలుస్తుంటాయి. నడుముకి రివాల్వర్ లేకుండా ఆ గుడారంలో నేను పొయ్యి వెలిగించను. రివాల్వర్లో పేలని తూటా ఉన్నా ఎలుగుకే లాభం, చేతిలో బద్దలయ్యే తూటా ఉన్నా ఎలుగుకే లాభం. అంచేత, కూర్చో.”

“ఎక్కడ?”

“నా స్టూలు మీద.”

“నేనా? ఎందుకు?”

“బల్లకి బిగించిన నా తూటాల ప్రెస్సు ఎత్తుకెళ్ళడానికి వచ్చినవాడివి, అది ఏం చేస్తుందో తెలుసుకుని ఎత్తుకెళ్ళు.”

“నేనేం ఎత్తుకెళ్ళడానికి రాలేదత్తయ్యా!”

“వెనక జేబులో రెంచీ ఉంది. గుచ్చుకుంటుంది, తీసి కూర్చో.”

“ఇదిగో, తీశాను.”

“ఫోన్ ఏది?”

“ఉంది జేబులో. సైలెంట్‌లో పెడతాను.”

“వంటింట్లో బ్రెడ్డు డబ్బాలో పడేసి రా. సైలెంట్‌లో ఉన్నా మనసు దాని మీదే ఉంటుంది నీకు.”

“...పడేశాను. ఇప్పుడేంటి?”

“ఆ అద్దాలు పెట్టుకో.”

“నాకు చూపు బానే ఉంది.”

“చూడ్డానికి కాదు. కళ్ళు మిగలడానికి. ఇప్పుడు చెప్పు, బల్ల మీద మందు డబ్బాలు ఎన్నున్నాయి?”

“ఒకటి.”

“ఎప్పుడూ ఒకటే. రెండోది బల్లెక్కిందా, ఏదో ఒక రోజు దీని బదులు దాన్ని పోస్తావు. డబ్బా మీద పేరు గట్టిగా చదివి, ఆ కొలతల పుస్తకంలో ఉన్నది అదే పేరో కాదో చూడు.”

“అదే. ఎదురుగా రెండు అంకెలున్నాయి.”

“ఒకటి మొదలుపెట్టేది. రెండోది దాటకూడనిది. నువ్వెక్కడ మొదలెడతావు?”

“మధ్యలో?”

“లే. లే స్టూలు మీంచి.”

“కింద! కింది అంకె దగ్గర అత్తయ్యా, తొందరపడ్డాను!”

“కూర్చో.”

“ఇంటర్నెట్‌లో ఒకాయన పై అంకె దాటి కూడా ఏం కాదని వీడియో పెట్టాడు. అందుకే అలా...”

“ఆయన వేళ్ళు కనిపించాయా వీడియోలో?”

“...గమనించలేదు.”

“ఈసారి గమనించు. ఇప్పుడు ఆ తూటాల ఇత్తడి గొట్టాలు చూడు, ఒక్కోటీ తిప్పి చూడు. ఒకసారి కాల్చినవే, కడిగి పెట్టాను, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్లు కూడా ఎక్కించేశాను. పగిలినవుంటే తీసి పక్కన పెట్టు.”

“అన్నీ ఒకేలా ఉన్నాయి.”

“మీ పెళ్ళి ఫొటోలూ నాకలాగే ఉంటాయి. మళ్ళీ చూడు.”

“...ఇదిగో. ఇది. మూతి దగ్గర వెంట్రుకంత గీత.”

“శభాష్. స్క్రీను అడ్డం లేకపోతే పనికొచ్చే కళ్ళే నీవి.”

“ఇప్పుడు మాట్లాడచ్చా?”

“గొట్టాలు చూస్తున్నంతసేపూ మాట్లాడచ్చు. మందు పోసేటప్పుడు మాత్రం దేవుడొచ్చి పలకరించినా పలక్కూడదు.”

“ఆ పైన నీలం పెట్టె ఎవరిది?”

“మీ మావయ్యది. పోయాక కూడా తియ్యలేదు. ఎర్రది నాది, నీలంది హార్లన్‌ది.”

“ఇద్దరివీ ఒకే రకం రివాల్వర్లు కదా. రెండు పెట్టెలెందుకు?”

“ఎవరి తూటాలు వాళ్ళవే. ఒకరు నింపినవి ఇంకొకరు కాల్చరు.”

“మొగుడూ పెళ్ళాలు కూడానా?”

“ముఖ్యంగా మొగుడూ పెళ్ళాలు. ఒకే కంచంలో తిన్నాం, ఒకే దుప్పటి కప్పుకున్నాం, ఒకళ్ళ తూటా ఒకళ్ళు ముట్టుకోలేదు. ఒకసారి కొండ మీద ఆయనవి అయిపోయాయి. నా పెట్టె నిండుగా ఉంది. ఆయన అడిగాడా? అడగలేదు. నేనిచ్చానా? ఇవ్వలేదు. ఎలుగులు బెదిరిపోవాలని పొడుగూతా వంట గిన్నెలు వాయించుకుంటూ కిందకి దిగాడు మహానుభావుడు.”

“ఏమీ అనుకోకండి అత్తయ్యా, దాన్ని నమ్మకం లేకపోవడం అంటారు.”

“నా పిల్లల్ని ఆయన చేతిలో పెట్టాను, ఆయన బండి నడుపుతుంటే పక్కన నిద్రపోయాను. నమ్మకం వేరు. ఆ గొట్టంలో ఎంత పడిందో నేను నా కళ్ళతో చూశానా లేదా, అది వేరు. చూడనిది నేను కాల్చను. ఇక్కడ ఎవ్వరూ కాల్చరు. మా పాస్టరు గారు మొత్తం సృష్టినే చూడకుండా నమ్ముతాడు, ఇంకొకరి తూటా ఇస్తే మాత్రం పుచ్చుకోడు.”

“సరే, గొట్టాలు అయ్యాయి.”

“తక్కెడ సున్నా దగ్గరుందా?”

“ఉంది.”

“ఆ చిన్న తూకపు రాయి పెట్టి చూడు, బరువు సరిగ్గా చెప్తోందా?”

“చెప్తోంది.”

“ఇప్పుడు విను. గొట్టం పెద్దది, మనం పోసే మందు కొంచెం. అడుగున ఎక్కడో పడుంటుంది. పొరపాటున ఒకే దాన్లో రెండుసార్లు పోశావనుకో, పొంగదు. బయటికి తెలీదు. అదే దీంతో వచ్చిన చిక్కు.”

“రెండుసార్లు పోస్తే ఏమవుతుంది?”

“రివాల్వర్ విడిపోతుంది. పై సగం ఒక జిల్లాలో, నీ వేళ్ళు ఇంకో జిల్లాలో.”

“మరి గొట్టం నిండిపోయే రకం మందు వాడచ్చు కదా? రెండోసారి పోస్తే పొర్లిపోయి తెలిసిపోతుంది.”

“అబ్బో. కంప్యూటర్లు ఊరికే పోలేదు. ఉంది అలాంటిది, ఏళ్ళ తరబడి అదే వాడాను. అది గాడిదలా తంతుంది. ఈ మణికట్టు ఒప్పుకోక, రెండేళ్ళయింది మానేసి. అందుకే ఇంత జాగ్రత్త. ఒక గొట్టంలో పొయ్యి, గుంటలున్న ఆ చెక్కలో నిలబెట్టు, ఇంకోటి తీసుకో. వరస తప్పకు. నోరు మూసుకో. మొదలెట్టు.”

“...”

“...”

“అత్తయ్యా, ఇది కొంచెం—”

“ష్.”

“...”

“...”

“అత్తయ్యా, ఫోను. మీ గోడ ఫోను.”

“మోగనీ.”

“కార్లీయే. తియ్యకపోతే అంబులెన్సు పంపిస్తుంది.”

“...”

“ఒక్క క్షణం, తీసొచ్చేస్తా. ...హలో? ఆ, నేనే. బానే ఉన్నాం. ఆ, మాట్లాడుతున్నా, మాట్లాడుతూనే ఉన్నా. గటర్లా? చాలా ఘోరంగా ఉన్నాయి. జాగ్రత్తగానే ఉన్నాం. సరే, ఉంటా. ...సారీ అత్తయ్యా. జాగ్రత్తగా ఉన్నారా అని అడిగింది.”

“ఏమన్నావు?”

“ఉన్నామన్నాను.”

“రోజూ అదే అడుగుతుంది. రోజూ ఇదే వేళకి. కానివ్వు.”

“...”

“...”

“అయిపోయాయి! అన్నీ పోసేశాను. ఇంక పైన గుండ్లు పెట్టేసి ప్రెస్సులో నొక్కడమే కదా?”

“ఏం మర్చిపోయావు?”

“ఏం మర్చిపోలేదు.”

“ఆ టార్చి ఎందుకుంది బల్ల మీద? కరెంటు పోతుందనా? ఒక్కో గొట్టంలోకీ వేసి చూడు. అన్నిట్లో మందు ఒకే ఎత్తులో ఉండాలి. ఇదిగో, ఈ వరస ముందు చూడు.”

“ఉంది... ఉంది... ఉంది... ఓరి దేవుడో.”

“ఏమైంది?”

“ఇందులో ఎక్కువుంది. పక్కదానికి రెట్టింపు.”

“ఫోన్ మోగినప్పుడు నీ చెయ్యి ఏ గొట్టం మీదుంది?”

“...దీని మీదే.”

“పోసి లేచావా, పొయ్యకుండా లేచావా?”

“పొయ్యకుండా. అంటే, పొయ్యలేదనే అనుకున్నా వచ్చాక. పోశానా? తెలీదత్తయ్యా.”

“నీళ్ళు తాగు. ముఖం అలా పాలిపోయింది.”

“ఇది నేను గుండు పెట్టి మూసేసేవాడిని. మీరు ఎలుగు ముందు నిలబడి... ఆగండి. నేను టార్చి తీసేలోపే మీ వేలు ఈ వరస మీదే ఉంది. మీకెలా తెలుసు?”

“ఎలాగో తెలుసు.”

“రెండోసారి పోస్తుంటే చూశారా?”

“చూశాను.”

“చూసి ఊరుకున్నారా!”

“అప్పుడే చెప్తే నువ్వు టార్చి తీసేవాడివా? అత్తగారు చూసుకుంటుందిలే అనుకునేవాడివి.”

“గోడ ఫోను తీగ ఎందుకు పీకలేదు మీరు? నాది మాత్రం బ్రెడ్డు డబ్బాలో పెట్టించారు.”

“మర్చిపోయాను.”

“నిజంగా మర్చిపోయారా, కావాలనా?”

“నీకు ఏదైతే హాయిగా ఉంటుందో అది అనుకో. మొత్తం తిరిగి డబ్బాలో పొయ్యి. మళ్ళీ మొదట్నుంచీ.”

“మొత్తమా? తప్పు ఒక్కటే కదా.”

“నీకు తెలిసింది ఒక్కటే.”

“సరే, అన్నీ డబ్బాలోకి వంపేశాను.”

“తీగ పీకేశాను. పొయ్యి.”

“...”

“...”

“టార్చి వేశాను. అన్నీ ఒకటే ఎత్తు. రెండోసారి కూడా వేశాను. మీరు కూడా చూడండి.”

“చూశాను. ఒక్కోటీ చూశాను. ఇప్పుడు గుండు పెట్టి ప్రెస్సు పిడి కిందకి లాగు. మెల్లిగా. ఇప్పుడు మూతి అంచు గట్టిగా నొక్కు. ఇంకా. సిగ్గుపడకు, అది నీ అత్తగారి చెయ్యి కాదు.”

“ఇలానా?”

“అలా. బాగుంది. పద దొడ్లోకి.”

“ఇప్పుడేనా? మీరు కాలుస్తారా?”

“నువ్వు నింపావు, నువ్వే కాల్చాలి. అద్దాలు తియ్యకు. చెవులకి ఇవి పెట్టుకో. మట్టి దిబ్బకేసి తిరుగు, అటు నా కోళ్ళున్నాయి. ముందు ఒక్కటే పెట్టు. ఎప్పుడైనా చప్పగా పుస్ మంటే ఆగిపో, గుండు రివాల్వర్ గొట్టంలోనే ఇరుక్కుందని అర్థం. దాని వెనకాల ఇంకోటి కాలిస్తే ఇందాక చెప్పిన జిల్లాలు గుర్తున్నాయిగా?”

“గుర్తున్నాయి. ...అత్తయ్యా, భయంగా ఉంది.”

“భయపడాలి. భయపడకపోతే నీకు పిల్లనిచ్చినందుకు నేను భయపడాలి. కాల్చు.”

“...అమ్మ బాబోయ్!”

“వేళ్ళు?”

“ఉన్నాయి! అన్నీ ఉన్నాయి!”

“ఖాళీ ఇత్తడి గొట్టం తియ్యి. జారి వచ్చిందా, అతుక్కుందా?”

“జారి వచ్చింది.”

“అతుక్కుంటే మందు ఎక్కువైందని. సరే, ఇప్పుడు ఆరూ పెట్టి అయిదు కాల్చి ఆపు.”

“ఆరోది?”

“చెప్తాగా.”

“...”

“...”

“కాల్చాను! అత్తయ్యా, ఆ డబ్బా చూశారా? ఎగిరిపోయింది!”

“పాపం, పెయింటు డబ్బా. ఆరోది బయటికి తీసి చూడు. గుండు ముందుకి జరిగిందా?”

“లేదు. ఎక్కడిదక్కడే ఉంది. ఎందుకు జరుగుతుంది?”

“పక్కవి తన్నిన తాపులకి ఇది కొంచెం కొంచెం బయటికి పాకుతుంది, అంచు సరిగ్గా నొక్కకపోతే. పాకి తూటాలు తిరిగే చక్రానికి అడ్డం పడితే ఆ తర్వాత రివాల్వర్ పేలదు. నీది పాకలేదు. చెయ్యి కుదిరింది నీకు.”

“ఇంకో ఆరు కాలుస్తా.”

“చాలు. మిగిలినవి శనివారానికి కావాలి.”

“శనివారం నేను కొండకి రావట్లేదు కదా. సరే, అత్తయ్యా, ఒక మాట చెప్పనా? నేను గటర్ల కోసం రాలేదు.”

“అయ్యో, అవునా.”

“ప్రెస్సు తీసుకెళ్ళడానికే వచ్చాను. కానీ ఇప్పుడు కార్లీకి చెప్తాను, మీ అమ్మ అంత జాగ్రత్తగల మనిషిని నేను ఎక్కడా చూళ్ళేదు, ప్రెస్సు అక్కడే ఉంటుంది, ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు అని. గొడవపడైనా చెప్తాను.”

“గొడవెందుకు. రెంచీతో పని లేదు, బోల్టులు పొద్దున్నే విప్పి వదులు చేశాను. నువ్వు పిడి లాగుతుంటే ప్రెస్సు బల్ల మీద అంత ఊగింది, చూసుకోలేదా?”

“ఊగింది... మీరెందుకు విప్పారు?”

“ట్రక్కులో గీతలు పడకుండా దుప్పట్లు పెట్టి పంపమని కార్లీకి ఎవరు చెప్పారనుకున్నావు?”

“మీరా? అయితే కార్లీ నాతో—”

“ప్రెస్సు ఇమ్మని నువ్వే అడగాలి, తీసుకెళ్ళమని నేనే చెప్పానని నీకు చెప్పద్దన్నాను. నాకు కొంచెం పరువుంటుందని. ప్రెస్సు మీ గరాజ్‌లో బిగించుకో. ఆ ఎర్ర పెట్టె కూడా పట్టుకెళ్ళు. అందులోవి ఒక్కోటీ విప్పి, మందు మీ ఇంటి ముందు గడ్డిలో చల్లెయ్యి. బాగా పెరుగుతుంది.”

“అదేంటత్తయ్యా? అవి మీరు శనివారానికని చేసుకున్నవి కదా? ఏమైంది వాటికి?”

“ఏం కాలేదేమో.”

“ఇందాక తూచారు కదా. తూస్తే ఎక్కువ పోసింది దొరికిపోదా?”

“ఒక్కసారి పోసే మందెంతో, గుండుకీ గుండుకీ బరువులో అంతే తేడా ఉంటుంది. పొద్దున్నుంచీ తూస్తున్నాను, తక్కెడ ఏమీ తేల్చలేదు.”

“అయినా పెట్టెడు తూటాలు పారేస్తారా?”

“ఇంకొకరు నింపినవి నేను కాల్చను.”

“అత్తయ్యా, ఎర్ర పెట్టె మీది. మీరే నింపారు.”

“నీవి ఇలా ఇవ్వు. మీ మావయ్య నీలం పెట్టె ఖాళీగానే ఉంది, అందులో పెట్టుకుంటాను.”

“నావి తీసుకెళ్తారా కొండకి? నేను మాత్రం ఇంకొకరిని కానా?”

“నువ్వు నింపుతుంటే పక్కనే కూర్చున్నాను, ప్రతి గొట్టంలోకీ చూశాను. మొన్న నేనొక్కదాన్నే కూర్చుని పోస్తుంటే కార్లీ ఫోన్ మోగింది. ‘జాగ్రత్తగా ఉన్నావా అమ్మా’ అంది, ‘ఉన్నానే’ అన్నాను. ఆ తర్వాత చూస్తే అన్నిటికీ గుండ్లు పెట్టేసి, అంచులు నొక్కేసి, వరసగా సర్ది, ఎర్ర పెట్టెకి మూత కూడా వేసేసి ఉంది. చాలా శుభ్రంగా చేశారు. ఎవరు చేశారో మాత్రం నేను చూళ్ళేదు బ్రెంట్.”